ఇటోకావాపై వాలిన డేగ

1803 ఏప్రిల్ 26వ తేదీన ఫ్రాన్సు దేశమునందలి లేగ్ల్ అను పట్టణపు పరిసరములలో పట్టపగలు ఆకాశమునుండి రాళ్ళు కురిసినవి. భయంకరమైన ధ్వనులు వినవచ్చిన పిమ్మట ఇంచుమించు మూడువేల రాళ్ళు నేల రాలినవి. ఆకాశమునుండి రాళ్ళు పడుననిన అంతవరకు విద్వాంసులలో పెక్కురు నమ్మెడివారు కారు. అది పామరుల కట్టుకథ యని వారి అభిప్రాయము. ఫ్రెంచి ప్రభుత్వము బియో అను యువ శాస్త్రజ్ఞుని విచారణకు పంపెను. ఆయన ఆ ప్రాంతమున ఊరూరు తిరిగి, చూచినవారి సాక్ష్యములను సేకరించెను. పడిన రాళ్ళు అచ్చటి నేలలోని రాళ్ళవంటివి కావని గమనించెను. అవి ఆకాశమునుండి వచ్చినవే యని ఆయన వ్రాసిన నివేదికతో పామరుల మాటయే నిజమని తేలినది.

అయితే ఆ రాళ్ళు ఎచ్చటివి? ఈ ప్రశ్నకు సమాధానము దొరకుటకు రెండువందల ఏండ్లకు పైగా పట్టినది. ఆ సమాధానము తుదకు కంటికి కనబడని ధూళికణముల రూపమున, ఒక చిన్న పెట్టెలో, రోదసినుండి భూమికి దిగివచ్చినది. దానిని తెచ్చిన నౌక పేరు హయబుసా. జపాను భాషలో ఆ మాటకు డేగ యని అర్థము.

చిన్న గ్రహములు, పెద్ద చిక్కు

లేగ్ల్ రాళ్ళవానకు రెండేండ్ల ముందు, 1801 జనవరి 1వ తేదీ రాత్రి, సిసిలీ ద్వీపమునందలి పలెర్మో నగరమున పియాజీ అను ఖగోళశాస్త్రజ్ఞుడు ఒక క్రొత్త జ్యోతిని చూచెను. కుజునకును గురునకును నడుమ సూర్యుని చుట్టు తిరుగుచున్న ఆ చిన్న లోకమునకు సిరీస్ అని పేరిడిరి. 1802లో పాలస్, 1804లో జూనో, 1807లో వెస్టా కనబడినవి. 1861లో మద్రాసు నక్షత్రశాలనుండి పాగ్సన్ అను శాస్త్రజ్ఞుడు మరియొకదానిని కనుగొని, ఆసియా ఖండమునుండి కనుగొనబడిన మొదటిది గనుక దానికి ఏషియా యని పేరు పెట్టెను. ఇట్టివానినే గ్రహశకలములందుము. నేడు వీని సంఖ్య పదిలక్షలను మించినది. వీనిలో కొన్ని తమ త్రోవలు మారి భూకక్ష్యకు చేరువగా కూడ వచ్చుచుండును.

భూమిపై పడు రాళ్ళు ఈ శకలములనుండి విరిగిపడినవే కావలెనని శాస్త్రజ్ఞులు ఊహించిరి. ఊహ సమంజసముగనే యున్నది. కాని దానికొక అడ్డంకి వచ్చినది. భూమిపై పడు ఉల్కాశిలలలో అత్యధికములు సాధారణ కాండ్రైట్లు అను జాతివి. గ్రహశకలములనుండి వచ్చు సూర్యకాంతిని పట్టకముతో విడదీసి, ఆ వర్ణపటమును ఉల్కాశిలల వర్ణపటముతో పోల్చిచూడగా రెండును సరిపోలలేదు. భూమికి చేరువలో విరివిగా తిరుగు శకలములు ఉల్కాశిలలకంటె కొంత ఎఱ్ఱగను, మసకగను కనబడినవి. బిడ్డలకు తల్లి పోలిక లేకపోయినది. గాలిలేని రోదసిలో యుగయుగములుగా సూర్యునినుండి వీచు కణములు, సూక్ష్మధూళి తాకి పైపొర రంగు మారియుండవచ్చునని కొందరు వాదించిరి. మరికొందరు ఆ రాళ్ళకు తల్లులు వేరనిరి. దూరదర్శినితో ఎంతకాలము చూచినను ఈ తగవు తీరునది కాదు. ఒక శకలమునకు పోయి, దాని పిడికెడు మన్ను తెచ్చి, ప్రయోగశాలలో పరీక్షింపవలెను.

మొదటి మెట్టును అమెరికా దేశీయులు ఎక్కిరి. నియర్ షూమేకర్ అను వారి నౌక 2000 ఫిబ్రవరి 14న ఈరాస్ అను శకలమును చేరి, ఏడాదిపాటు దాని చుట్టు తిరిగినది. 2001 ఫిబ్రవరి 12న మెల్లగా దానిపై దిగినది. ఆ నౌకకు కాళ్ళు లేవు. దిగుటకై నిర్మింపబడినది కాదు. అయినను చెడక, ఆ నెల 28వ తేదీవరకు సమాచారమును పంపినది. మానవుడు చేసిన యంత్రము గ్రహశకలముపై దిగుట అదే ప్రథమము. కాని అది అచ్చటనే ఉండిపోయినది. మన్ను తెచ్చు పని మిగిలియే యున్నది.

పెన్సిలు రాకెట్టునుండి

1955 ఏప్రిల్‌లో టోక్యో చేరువనున్న కోకుబున్జిలో హిడియో ఇటోకావా అను ఆచార్యుడు ఒక రాకెట్టును పరీక్షించెను. దాని పొడవు 23 సెంటీమీటర్లు. పెన్సిలు రాకెట్టు అని దానికి పేరు. దానిని ఆకాశమునకు వదలలేదు. నేలకు సమాంతరముగా పేల్చి, వరుసగా నిలిపిన కాగితపు తెరలను అది చీల్చుకొనిపోయిన కాలమును కొలిచి, దాని వేగమును లెక్కగట్టిరి. జపాను దేశపు రోదసీ పరిశోధన అంత చిన్న వస్తువుతో మొదలైనది.

1998లో అమెరికాలో కనుగొనబడిన ఒక గ్రహశకలమునకు తరువాత ఆ ఆచార్యుని పేరే పెట్టిరి. ఇటోకావా అను ఆ శకలమునకే హయబుసా ప్రయాణము. 2003 మే 9న ఉచినౌరా కేంద్రమునుండి ఆ నౌక బయలుదేరినది. దాని బరువు 510 కిలోలు. జునిచిరో కవాగుచి ఈ ప్రయత్నమునకు నాయకుడు.

నౌకను నడపుటకు నాలుగు అయాను యంత్రములను అమర్చిరి. ఇవి సాధారణ రాకెట్టువలె ఇంధనమును మండించునవి కావు. జినాన్ అను వాయువునకు విద్యుదావేశము కలిగించి, ఆ అయానులను సెకనుకు సుమారు 30 కిలోమీటర్ల వేగమున వెనుకకు చిమ్మును. ఒక్కొక్క యంత్రపు తోపుడు అరచేతిలో ఒక గ్రాము బరువు పెట్టినంత కూడ ఉండదు. కాని నెలల తరబడి ఎడతెగక త్రోయగల శక్తి వానికి కలదు. చుక్కచుక్కగా కుండ నిండినట్లు, కొద్దికొద్దిగా వేగము పెరుగును.

కష్టములు త్వరలోనే మొదలైనవి. 2003 చివర సూర్యునిపై చెలరేగిన తుపాను వలన నౌక సౌరఫలకముల శక్తి కొంత తగ్గినది. నౌక ఎటు తిరిగి నిలువవలెనో నిర్ణయించు చక్రములు మూడింటిలో ఒకటి 2005 జూలైలో ఆగిపోయినది. సెప్టెంబరు 12న ఇటోకావా చెంతకు చేరిన తరువాత, అక్టోబరు ఆరంభమున రెండవది కూడ ఆగినది. ఇక నౌకను నిలువరించుటకు చిన్న వాయుగొట్టములే దిక్కైనవి.

బరువులేని చోట దిగుట

ఇటోకావా పొడవు 535 మీటర్లు మాత్రమే. సమీపమునుండి తీసిన ఛాయాచిత్రములు శాస్త్రజ్ఞులను ఆశ్చర్యపరచినవి. అది ఒకే రాయి కాదు. బండలు, గులకరాళ్ళు, మన్ను కలిసి కుప్పగా చేరిన దిబ్బ. దాని సాంద్రత ఘనసెంటీమీటరుకు 1.9 గ్రాములే. రాతి సాంద్రత అంతకంటె చాల ఎక్కువ గనుక, ఆ కుప్పలో ఇంచుమించు నూటికి 40 వంతులు ఖాళీ స్థలమని తేలినది.

ఇట్టి చోట గురుత్వాకర్షణ ఎంత యుండును? భూమిపై ఉన్నదానిలో సుమారు లక్షవ వంతు. భూమిపై 60 కిలోలు తూగు మనిషి అచ్చట పాతిక వడ్లగింజలంత తూగును. ఒక మీటరు ఎత్తునుండి రాయిని వదలినచో భూమిపై అర సెకను లోపల నేల తాకును. ఇటోకావాపై అది నేల చేరుటకు రెండు నిమిషములకు పైగా పట్టును. సెకనుకు ఇరవై సెంటీమీటర్ల వేగముతో పైకి విసరినచో ఆ రాయి మరల క్రిందికి రానే రాదు. శకలమును విడిచి రోదసిలోనికి పోవును.

అందుచేత ఇచ్చట దిగుట యనగా పడుట కాదు. చంద్రునిపై దిగు నౌకకు పడు వేగమును ఆపుకొనుట కష్టము. ఇచ్చట నౌకకు అంటిపెట్టుకొనియుండుటయే కష్టము. కొంచెము గట్టిగా తాకినచో బంతివలె ఎగిరిపోవును. గొట్టములనుండి వాయువు కొంచెము ఎక్కువగా వెలువడినను దారి తప్పును.

దీనికి తోడు దూరమొక చిక్కు. అప్పుడు ఇటోకావా భూమికి సుమారు 29 కోట్ల కిలోమీటర్ల దూరమున ఉన్నది. సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోవు రేడియో తరంగమునకు కూడ అంతదూరము పోవుటకు 16 నిమిషములు పట్టును. నౌక ఆపదలో ఉన్నదన్న వార్త మనకు చేరి, మన ఆజ్ఞ దానికి చేరునప్పటికి అరగంట గడచును. కావున చివరి ఘట్టమున నౌకయే తన కంటితో చూచి, తన బుద్ధితో నిర్ణయించుకొనవలెను.

ఇందుకొక చక్కని ఉపాయము చేసిరి. నౌక దిగుటకు ముందు, పది సెంటీమీటర్ల వ్యాసముగల ఒక గుర్తుబంతిని నేలపై వదలును. నౌక తన దీపమును మెరిపించినపుడు ఆ బంతి మెరయును. దానిని చూచుకొనుచు నౌక క్రిందికి జారును. అయితే బరువులేని చోట బంతి ఎగిరిపోకుండుట ఎట్లు? జపానులో బాలికలు గింజలు నింపిన చిన్న గుడ్డసంచులను ఎగురవేసి ఆడుకొందురు. అట్టి సంచి నేలపై పడినపుడు లోపలి గింజలు ఒకదానినొకటి రాచుకొని వేగమును మ్రింగివేయును గనుక అది ఎగురదు. ఈ సూత్రముననే బంతిలో చిన్న పూసలను నింపిరి. 149 దేశములకు చెందిన 8,80,000 మంది పేర్లను కూడ ఒక పలుచని పొరపై చెక్కి దానికి చేర్చిరి.

మన్ను తీయు విధానమును తెలిసికొనదగినదే. నౌక అడుగున ఒక మీటరు పొడవైన కొమ్మువంటి గొట్టము కలదు. దాని కొన నేలను తాకగానే ఐదు గ్రాముల లోహపు గుండు సెకనుకు 300 మీటర్ల వేగముతో పేలి నేలను కొట్టవలెను. చితికి లేచిన రాతిపొడి గొట్టము గుండ పైకి పోయి పెట్టెలో చేరును. ఒక క్షణము తాకి, మరుక్షణము లేచిపోవుటయే ఏర్పాటు. డేగ వేటను తన్నుకొనిపోవునట్లే.

రెండు మారులు

నవంబరు 12న సాధన చేయుచు, 591 గ్రాముల మినర్వా అను చిన్న యంత్రమును శకలముపై వదలబోయిరి. అది నేలపై గంతులిడుచు తిరుగవలసినది. వదలుమన్న ఆజ్ఞ భూమినుండి పోయినది. అది చేరునప్పటికి నౌక తనంతట తాను పైకి లేచుచుండెను. దానితోపాటు మినర్వాకు కూడ పైకి వేగము కలిగినది. ఇటోకావా ఆకర్షణ దానిని వెనుకకు లాగజాలక, అది రోదసిలో కలిసిపోయినది. పదహారు నిమిషముల జాప్యమునకు చెల్లించిన మూల్యమది.

జపాను కాలమానము ప్రకారము నవంబరు 20న హయబుసా దిగసాగినది. గుర్తుబంతి సరిగా నేలపై నిలిచినది. కాని చివరి ఘట్టమున అడ్డంకులను కనిపెట్టు పరికరమునకు ఏదో తోచి, నౌక మన్ను తీయు పనిని తానే రద్దు చేసికొన్నది. అయినను క్రిందికి జారుచునేయున్నది. భూమిపైనున్నవారికి ఏమి జరుగుచున్నదో అంతుపట్టలేదు. ఎత్తును సూచించు అంకెలు అర్థముకాకున్నవి. నౌక వేడెక్కునేమో యను భయముతో, పైకి లేచిపొమ్మని ఆజ్ఞ పంపిరి. తరువాత సమాచారమును పరిశీలింపగా తెలిసిన సంగతి యేమనగా, నౌక నేలను తాకి, ఎగిరి, మరల తాకి, ఇంచుమించు అరగంట సేపు ఇటోకావాపై కూర్చొనియుండెను. గ్రహశకలముపై దిగి తిరిగి పైకి లేచిన మొదటి నౌక అదియే. ఆ ఘనకార్యము జరుగుచున్న సమయమున జరుగుచున్నట్లు ఎవరికిని తెలియదు.

నవంబరు 26న రెండవమారు దిగినది. ఈసారి అంతయు సవ్యముగా జరిగినదని సంకేతములు వచ్చినవి. గుండు పేలినదని సంతోషించిరి. కాని ఆ సంతోషము ఎక్కువకాలము నిలువలేదు. లెక్కలు తిరిగి చూడగా గుండు పేలకపోయియుండవచ్చునని తోచినది. ఇంతలో నౌక ఇంధనము కారిపోసాగినది. డిసెంబరు 9న, వెలువడిన వాయువు త్రోపుడుకు నౌక తలక్రిందులుగా తిరిగి, భూమితో సంబంధము తెగిపోయినది.

తిరుగు ప్రయాణము

వారములు గడచినవి. కేంద్రములో పనిచేయువారు ప్రతిదినము ఆజ్ఞలు పంపుచు, జవాబుకై చెవియొగ్గి యుండిరి. గిరగిర తిరుగుచున్న నౌక ఎప్పుడో ఒకప్పుడు సౌరఫలకములను సూర్యునికి, ఆంటెన్నాను భూమికి త్రిప్పునని వారి లెక్క. 2006 జనవరి 23న సన్నని సంకేతము వినబడినది. మొదట దానితో మాటలాడు పద్ధతి ఇట్లుండెను: భూమినుండి ఒక ప్రశ్న వేయుదురు, సమాధానము అవునో కాదో సంకేతపు మార్పును బట్టి గ్రహింతురు. ఇట్లు ఒక్కొక్క సంగతిని రాబట్టి, రోగి నాడి చూచినట్లు నౌక స్థితిని తెలిసికొనిరి.

ఇంధనము పోయినది. మూడు చక్రములలో ఒక్కటియే మిగిలినది. అప్పుడు ఇంజనీర్లు అయాను యంత్రములకై దాచిన జినాన్ వాయువునే ఊరక చిమ్మి నౌకను త్రిప్పుట నేర్చిరి. సూర్యకాంతి నౌకపై కలిగించు అతి స్వల్పమైన ఒత్తిడిని కూడ దానిని నిలకడగా ఉంచుటకు వాడుకొనిరి. 2007లో రావలసిన నౌక రాక 2010కి వాయిదా పడినది.

2009 నవంబరులో, ఇల్లు చేరువైనదన్న తరుణమున, పనిచేయుచున్న అయాను యంత్రము ఆగిపోయినది. అయాను యంత్రమునకు రెండు భాగములు కలవు. ఒకటి అయానులను చిమ్మును. రెండవది ఎలక్ట్రానులను విడిచి ఆవేశమును సరిపుచ్చును. ఒక యంత్రమున మొదటి భాగము బాగుగా ఉన్నది; మరియొకదానిలో రెండవది. ఈ రెంటిని కలిపి ఒకే యంత్రముగా నడపిరి. నిర్మాణ సమయముననే ఆ రెండు వలయములను కలుపగల ఒక చిన్న డయోడును ముందుచూపుతో అమర్చియుండుటచే ఇది సాధ్యమైనది. ఆ డయోడు లేకున్నచో ఈ కథ అచ్చటనే ముగిసియుండెడిది.

2010 జూన్ 13 రాత్రి, ఏడేండ్ల ప్రయాణము ముగియగా, హయబుసా 40 సెంటీమీటర్ల వ్యాసముగల పెట్టెను భూమివైపు వదలినది. తరువాత కెమేరాను త్రిప్పి భూమిని ఒక్కమారు ఛాయాచిత్రము తీసినది. వాతావరణమును దాటుటకు కావలసిన కవచము పెట్టెకు కలదు, నౌకకు లేదు. సెకనుకు 12 కిలోమీటర్ల వేగముతో రెండును గాలిలో ప్రవేశించినవి. ఆస్ట్రేలియాలోని వూమెరా ఎడారి ఆకాశమున నౌక ముక్కలై, మండి, వెలిగి, ఆరిపోయినది. దాని ముందు ఒక చిన్న చుక్క చెదరక సాగిపోయినది. అదే పెట్టె. మరునాడు దానిని నేలపైనుండి తీసికొనిరి.

పెట్టెలో ఏమున్నది?

పెట్టెను తెరచినవారికి కంటికి ఆనునది ఏమియు కనబడలేదు. గుండు పేలనిచో మన్ను ఎట్లు చేరును? అయినను వారు దానిని ఖాళీ యని ప్రక్కన పెట్టలేదు. లోపలి గోడలను ప్రత్యేకమైన గరిటెతో గీకి, ఆ గీకినదానిని ఎలక్ట్రాను సూక్ష్మదర్శిని క్రింద ఉంచిరి. 2010 నవంబరు 16న ప్రకటన వెలువడినది. సుమారు 1,500 కణములు ఇటోకావావే యని నిర్ధారణ అయినది. వానిలో పెక్కు మిల్లీమీటరులో నూరవవంతు కంటె చిన్నవి. నౌక నేలను తాకి ఎగిరినపుడు లేచిన ధూళి, బరువులేని చోట గనుక, తానై తేలి గొట్టములోనికి పోయినది. దిగుటను కష్టతరము చేసిన బలహీనపు ఆకర్షణయే ఈ విధముగా మేలు చేసినది.

2011లో ఆ కణముల పరీక్షాఫలితములు ప్రచురింపబడినవి. వానిలోని ఆలివీన్, పైరాక్సీన్ మొదలగు ఖనిజముల కూర్పు సాధారణ కాండ్రైట్లలో ఒక తెగకు సరిగా సరిపోయినది. కణముల పైపొరలో అతిసూక్ష్మమైన ఇనుప రేణువులు కనబడినవి. రోదసిలో సూర్యకణముల తాకిడికి ఏర్పడిన ఆ రేణువులే శకలపు రంగును ఎఱ్ఱగను మసకగను చేయును. లోపలి రాయి మాత్రము ఉల్కాశిలయే. తల్లి ముఖముపై ధూళి కప్పియున్నందున బిడ్డలు పోల్చుకొనలేకపోయిరి. తగవు తీరినది.

మరియొక సంగతి కూడ తెలిసినది. ఆ ఖనిజములు ఒకప్పుడు సుమారు 800 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో ఉన్నవి. 535 మీటర్ల దిబ్బలో అంత వేడి నిలువదు. కావున ఇటోకావా ఒకప్పుడు 20 కిలోమీటర్లకు మించిన వ్యాసముగల శకలములో భాగమనియు, అది దేనితోనో ఢీకొని పగిలిపోగా, ఆ ముక్కలలో కొన్ని మరల కుప్పగా చేరి నేటి ఇటోకావా ఏర్పడినదనియు శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి.

హయబుసా నేర్పిన పాఠములతో తరువాతి నౌకలు బయలుదేరినవి. జపాను వారి హయబుసా-2 ర్యూగు అను శకలముపై 2019లో రెండుమారులు దిగి, 2020 డిసెంబరులో 5.4 గ్రాముల మన్ను తెచ్చినది. ఈసారి గుండు పేలినది. అమెరికా వారి ఒసైరిస్-రెక్స్ 2020 అక్టోబరులో బెన్నూ అను శకలమును తాకి, 2023 సెప్టెంబరులో 121.6 గ్రాములు తెచ్చినది. దాని చేయి బెన్నూ నేలను తాకగా, నేల అడ్డగింపక, చేయి ఇంచుమించు అర మీటరు లోనికి దిగిపోయినది. గ్రహశకలపు నేల ఎంత వదులుగా ఉండునో అప్పుడు మరింత స్పష్టమైనది.

ఈ గ్రాములతో పోల్చినచో హయబుసా తెచ్చినది లెక్కకే రాదు. అయినను మొదటి సమాధానము దానిదే. 1803లో బియో పామరుల సాక్ష్యమును కొట్టివేయక ఊరూరు తిరిగి విచారించినందున రాళ్ళు ఆకాశమునుండి పడునని తెలిసినది. 2010లో ఖాళీగా కనబడిన పెట్టెను కొట్టివేయక గోడలు గీకి చూచినందున, అవి ఎచ్చటినుండి పడినవో తెలిసినది.